కిల్టుకు భుజాల ఆసరా

స్కాట్లండ్ పురుషుల జాతీయ వేషంగా ప్రపంచమంతా గుర్తించే కిల్టును వర్ణించే రచనలు దాని గళ్ల నేత గురించీ, ఆ రంగులకూ వంశాలకూ ఉన్న సంబంధం గురించీ విస్తారంగా చెబుతాయి గాని, అంత బరువైన ఉన్ని వస్త్రం నడుమున జారకుండా ఎలా నిలుస్తుందన్న సంగతిని ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తాయి. కిల్టు ధరించేవారిలో మాత్రం ఈ సంగతి మీదనే చాలాకాలంగా ఒక అభిప్రాయభేదం నడుస్తోంది. భుజాల మీదుగా వెళ్లి నడుము దగ్గర వస్త్రాన్ని పట్టి ఉంచే పట్టీలను, అంటే బ్రిటన్‌లో బ్రేసులనీ అమెరికాలో సస్పెండర్లనీ పిలిచేవాటిని, కిల్టుతో కలిపి ధరించడం సంప్రదాయ విరుద్ధమని కొందరు గట్టిగా వాదిస్తారు. అవసరమైనవారు ధరిస్తే తప్పేమిటని మరికొందరు అడుగుతారు. ఈ వ్యాసం రెండో పక్షం వైపే మొగ్గుతుంది. ఆ మొగ్గుకు కారణాలు తెలియాలంటే ముందుగా కిల్టు నిర్మాణాన్నీ, ఆ తరువాత దాని చరిత్రనూ కొంత దగ్గరగా చూడవలసి ఉంటుంది.

సంప్రదాయ పద్ధతిలో కుట్టే పూర్తి కిల్టుకు సుమారు 8 గజాల గుడ్డ పడుతుంది. పెద్ద పన్నా గుడ్డను 4 గజాలు తీసుకుని, దాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు ముక్కలనూ చివరలు కలిపి కుట్టడం వల్ల ఈ 8 గజాలు సమకూరుతాయి. ఆ గుడ్డ వర్‌స్టెడ్ అనే రకానికి చెందినది, అంటే పొడవైన ఉన్ని పోగులను దువ్వి, వాటిని నున్నగా వడికిన నూలుతో నేసినది. గజానికి 13 ఔన్సుల నుంచి 16 ఔన్సుల వరకు తూగే రకాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. 16 ఔన్సుల రకం 4 గజాలంటే కత్తిరింపుకు ముందు ఆ గుడ్డ 1.8 కిలోల బరువు ఉంటుంది. ఇందులో అధిక భాగం వెనుకవైపున కుచ్చిళ్లుగా మడతపడుతుంది. ముందువైపున కుచ్చిళ్లు లేని రెండు చదునైన పలకలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. వీటిని ఏప్రన్లు అంటారు. లోపలి ఏప్రన్‌కు కుట్టిన తోలు పట్టీ ఎడమ పక్కన నడుము పట్టీకి చేసిన చిన్న చీలికలోంచి బయటికి వచ్చి అక్కడి బకిల్‌లో బిగుస్తుంది; పై ఏప్రన్ కుడి పక్కకు వచ్చి, సాధారణంగా నడుము దగ్గర ఒక పట్టీతోనూ, దానికి దిగువన తుంటి దగ్గర మరొక పట్టీతోనూ బిగుస్తుంది.

పట్టీలూ బకిళ్లూ చూసేవారికి కిల్టును అవే పట్టి ఉంచుతున్నట్లు తోస్తుంది గాని, అసలు పని చేసేది కుట్టు. తుంటి దగ్గర వెడల్పుగా ఉండే ప్రతి మడతనూ నడుము దగ్గరకు వచ్చేసరికి సన్నబడేలా కుట్టేవారు చేత్తో లోపలికి మడిచి కుడతారు. ఇరవైకి పైబడిన కుచ్చిళ్లలో ఒక్కొక్కటీ కొద్దిగా సన్నబడినా, మొత్తం కలిసి తుంటికీ నడుముకీ మధ్య ఉన్న అనేక అంగుళాల తేడాను సరిపెడతాయి. ఆ భాగానికి లోపలివైపున కాన్వాసు, దాని మీద నూలుగుడ్డతో అస్తరు వేయడం వల్ల అది మెత్తని గుడ్డలా కాక, ఒంటికి అమరి గట్టిగా నిలిచే పట్టెడలా తయారవుతుంది. బొడ్డుకు కాస్త పైనా కిందా నడుము అన్నిటికన్నా సన్నగా ఉండే చోట అది బిగిసినప్పుడు, దిగువన విచ్చుకునే తుంటి ఎముకల మీద కిల్టు బరువంతా కూర్చుంటుంది. సన్నని నడుమూ వెడల్పాటి తుంటీ ఉన్నవారికి సరైన కొలతలతో కుట్టిన కిల్టు ఇక వేరే ఏ ఆధారమూ కోరదు.

ఈ నిర్మాణం ప్రాచీనమైనదని అనుకోవడం పొరపాటు. 16వ శతాబ్దం చివరినాటికి స్కాట్లండ్ ఉత్తర పర్వత ప్రాంతమైన హైలాండ్స్‌లోని పురుషులు ధరించిన వస్త్రానికి కుట్టన్నది నామమాత్రంగానే ఉండేది. నాటి మగ్గాల పన్నా చిన్నది కావడంతో రెండు ముక్కలను పక్కపక్కన కలిపి కుట్టిన పెద్ద దుప్పటి వంటి ఆ వస్త్రాన్ని నడుము దగ్గర మడతలు పెట్టి, మీద బెల్టు బిగించి, పైభాగాన్ని భుజానికి పిన్నుతో తగిలించేవారు. వానలో దాన్నే తలమీదుగా కప్పుకునేవారు, రాత్రి దాన్నే పరుచుకుని పడుకునేవారు. ఇంగ్లీషులో దీన్ని బెల్టెడ్ ప్లాయిడ్ అంటారు. పంచె కట్టేవారికి సుపరిచితమైన సూత్రమే ఇక్కడా పనిచేసింది: గుడ్డ నిలిచేది కట్టులోని బిగువు వల్ల, ఆ బిగువు సడలితే మళ్లీ సర్దుకోవలసిందే. అయితే ఈ వేషంలో భుజం కూడా భారం పంచుకున్నదన్న అంశం చాలామంది దృష్టికి రాలేదు. పిన్నుతో భుజానికి తగిలించిన పైభాగం కొంత బరువును పైనుంచి లాగి పట్టేది. అంటే కిల్టు పూర్వరూపంలో నడుమూ భుజమూ రెండూ పాలుపంచుకున్నాయి. భుజం పక్కకు తప్పుకున్నది తరువాతి కాలంలో.

18వ శతాబ్దపు తొలి దశకాల్లో ఆ పెద్ద వస్త్రపు పైభాగాన్ని వదిలేసి, నడుము నుంచి మోకాలి వరకు ఉన్న కింది సగాన్ని మాత్రమే ధరించే అలవాటు వ్యాపించింది. చిన్న కిల్టు అనదగిన ఈ రూపాన్ని థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప పరిశ్రమ యజమాని తన పనివారి సౌకర్యం కోసం రూపొందించాడని 1785లో అచ్చయిన ఒక లేఖ చెబుతుంది. దానికి ముందే ఆ వాడుక ఉన్నదని వాదించే పండితులూ ఉన్నారు. ఎవరి వాదం నిలిచినా, పని చేసేవారి అవసరం నుంచే ఈ మార్పు వచ్చిందన్న విషయంలో పెద్దగా పేచీ లేదు. హైలాండ్స్‌లో 1745లో లేచిన తిరుగుబాటు విఫలమైన తరువాత బ్రిటిష్ పార్లమెంటు 1746లో చేసిన చట్టం హైలాండ్స్ పురుషులకు ఈ వేషాన్ని నిషేధించింది. తొలి నేరానికి 6 నెలల జైలు, రెండోసారి పట్టుబడితే 7 సంవత్సరాల ద్వీపాంతరవాసం శిక్షలుగా ఉండేవి. 1782లో ఆ చట్టం రద్దయ్యేవరకు కిల్టును బహిరంగంగా కాపాడినవి హైలాండ్ పటాలాలే, ఎందుకంటే సైన్యానికి ఆ నిషేధం వర్తించలేదు. కుచ్చిళ్లను శాశ్వతంగా కుట్టేసిన కిల్టు 1790ల నాటికి గాని స్పష్టంగా కనిపించదు.

ఇక్కడ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడడం మేలు. ఆల్బర్ట్ థర్స్టన్ అనే వ్యాపారి లండన్‌లో బ్రేసుల తయారీ మొదలుపెట్టినది 1820లో. రబ్బరు పరిశ్రమకు ఆద్యులలో ఒకడైన థామస్ హాంకాక్ చేతితొడుగులకూ, మేజోళ్లకూ, బ్రేసుల వంటివాటికీ సాగే రబ్బరు బిగింపులను అమర్చే పద్ధతికి పేటెంటు పొందినదీ ఆ ఏడాదే. రెండేళ్లు గడిచిన తరువాత, 1822 ఆగస్టులో, నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోను సందర్శించినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ ఉత్సవాలను నిర్వహించి, హైలాండ్స్ వేషాన్ని స్కాట్లండ్ మొత్తానికి జాతీయ వేషంగా నిలబెట్టాడు. రాజు కూడా కిల్టు ధరించి దర్బారు తీర్చాడు. ఈనాడు ఉత్సవాలలో కనిపించే కిల్టు వేషానికి పునాది అక్కడే పడింది. అంటే బ్రేసులూ ఉత్సవపు కిల్టూ ఒకే తరంలో ప్రజాజీవితంలోకి వచ్చాయి. ఒకదాన్ని సనాతనమనీ, రెండోదాన్ని నిన్నగాక మొన్న వచ్చిన చొరబాటు అనీ అనడానికి చరిత్రలో ఆధారం లేదు. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్‌రోపర్ 1983లో వెలువడిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ హైలాండ్స్ సంప్రదాయం మొత్తం ఇటీవలి కల్పన అని నిరూపించబూనాడు. ఆయన తీర్పు అతిగా కఠినమైనది. ఒక జాతి రెండు శతాబ్దాలుగా పెళ్లిళ్లలోనూ అంత్యక్రియలలోనూ యుద్ధాలలోనూ ధరించిన వస్త్రాన్ని ఉత్త కల్పన అనడం సబబు కాదు. అయినా కిల్టు కాలాన్నిబట్టి మారుతూ వచ్చిందని ఆయన చూపిన ఆధారాలను మాత్రం తోసిపుచ్చడం కష్టం.

1822 నాటి ఆ సందర్శన సమయంలో ధరించినదిగా భద్రపరచిన ఒక బెల్టెడ్ ప్లాయిడ్‌లో, గళ్ల నమూనా పునరావృతమయ్యే ప్రతి చోటా లోపలివైపున చిన్న చిన్న ఉచ్చులు కుట్టి ఉన్నాయి. వాటిలోంచి తాడో సన్నని బెల్టో దూర్చి లాగితే మడతలన్నీ వాటంతటవే కూడుకుంటాయి, పైన కనిపించే బెల్టు కింద ఆ ఏర్పాటు పూర్తిగా మరుగున పడుతుంది. బయటికి కనిపించని ఆసరాను వస్త్రం లోపల దాచుకోవడం కిల్టు సంప్రదాయంలోనే ఉన్నదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కరలేదు.

కిల్టు జారడానికి దారితీసే శరీర కారణాలు స్పష్టమైనవి. వయసుతో పొట్ట పెరిగిన పురుషునికి నడుము చుట్టుకొలత తుంటి చుట్టుకొలతను మించిపోతుంది. అప్పుడు సన్నని చోటంటూ మిగలదు గనుక, బకిళ్లు ఎంత బిగించినా కిల్టు ముందుభాగం పొట్ట వాలు మీదుగా కిందికి దిగుతుంది, వెనుకభాగం మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. ఫలితంగా అడుగు అంచు ముందు పల్లంగానూ వెనుక ఎత్తుగానూ వంకరపోతుంది, మోకాలి మధ్య వరకు రావలసిన అంచు పిక్క పైభాగం దాకా జారుతుంది. బక్కపలచని యువకునికి సరిగ్గా ఎదురు సమస్య ఉంటుంది. తుంటి విచ్చుకోని ఆ శరీరం మీద కుచ్చిళ్ల బరువుకు కిల్టు వెనుకవైపున దిగుతుంది. ఇక సన్నని నడుము ఉన్నవారిలో కూడా ప్యాంటును తుంటి మీదకు దించి ధరించే నేటి అలవాటు వల్ల చాలామంది తమ ప్యాంటు కొలతనే కిల్టు కొలతగా చెబుతారు, దాంతో కిల్టు నడుమున వదులవుతుంది. పెళ్లికి అద్దెకు తెచ్చే కిల్టు ఎన్నో ఒళ్లకు సరిపోయేలా పొడవైన పట్టీలతో ఉంటుంది గాని, ఒక్క ఒంటికీ కచ్చితంగా అమరేలా ఉండదు.

బెల్టు పెట్టుకుంటే సరిపోదా అన్న సందేహం సహజం. కిల్టుతో ధరించే వెడల్పాటి తోలు బెల్టు ప్రధానంగా అలంకారం. ముందువైపున ఏప్రన్‌కు దాన్ని పట్టి ఉంచే ఉచ్చులు ఉండవు గనుక, కిల్టు దిగితే బెల్టు కూడా దానితోపాటు దిగుతుంది. పైగా వెయిస్ట్‌కోటు ధరించినప్పుడు బెల్టు పెట్టకూడదన్నది ఆ వేషపు మర్యాదల్లో స్థిరపడిన నియమం. సాయంకాలపు విందులకు ధరించే ప్రిన్స్ చార్లీ కోటు, దానితో వచ్చే మూడు గుండీల పొట్టి వెయిస్ట్‌కోటు నడుము వరకే ఉంటాయి. కిల్టు ఒకటి రెండు అంగుళాలు దిగినా చాలు, వెయిస్ట్‌కోటు అడుగుకీ కిల్టు పై అంచుకీ మధ్య తెల్లని చొక్కా పట్టీ బయటపడుతుంది. కిల్టు వేషంలో కనిపించే లోపాలన్నిటిలోకీ కంటికి కొట్టొచ్చినట్లు కనబడేది ఇదే. దీన్ని నివారించడానికి బ్రేసులను మించిన సాధనం లేదు. అంతేకాక, బెల్టుకు చోటివ్వని ఆ వెయిస్ట్‌కోటే బ్రేసులను పూర్తిగా కప్పేస్తుంది.

హైలాండ్ పటాలాల కిల్టులను పౌరుల కిల్టుల కన్నా నడుముకు పైకి వచ్చేలా కుట్టేవారు. పొట్టి సైనిక కోటు కింద సందు కనబడకుండా ఉండడానికి ఈ ఎత్తు అవసరమయ్యేది, అలాంటి కిల్టులలో కొన్నింటికి బ్రేసులు తగిలించే ఏర్పాటు కూడా ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలలో కిల్టులు నీరు పీల్చి, బురద పట్టి, బాగా బరువెక్కిన పరిస్థితిని తలచుకుంటే, ఆ భారాన్ని నడుము మీదనే వదలకుండా భుజాలకు పంచడంలోని వివేకం బోధపడుతుంది. యుద్ధరంగంలో పటాలమంతా కిల్టు ధరించడం 1940లో ఫ్రాన్సులో కామెరన్ హైలాండర్లు అనే పటాలంతో ముగిసింది. చిన్నపిల్లల కిల్టుల సంగతి మరీ తేటతెల్లం. పిల్లలకు నడుమూ తుంటీ వేరుగా ఏర్పడవు గనుక, వారి కిల్టులను భుజాల పట్టీలతోనో, లోపల రవిక వంటి పైభాగానికి కలిపో కుట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. పిల్లవాని ఒంటికి అవసరమైనప్పుడు ఎవరూ ఆక్షేపించని ఏర్పాటును, నడివయసు పెద్దమనిషి ఒంటికి అవసరమైనప్పుడు ఆక్షేపించడంలో న్యాయం కనిపించదు.

బ్రేసులు రెండు రకాలుగా తగులుకుంటాయి. మొదటి రకానికి చివరల్లో పళ్లున్న లోహపు క్లిప్పులు ఉంటాయి. ఇవి కిల్టుకు పనికిరావు. కిల్టు పై అంచులో టార్టన్ అనే గళ్ల గుడ్డ, కాన్వాసు, అస్తరు కలిసి మందమైన పొరలుగా ఉంటాయి గనుక క్లిప్పు నోరు పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడు ఆ పళ్లు ఉన్ని పోగులను కొరికి గాట్లు పెడతాయి, నృత్యం మధ్యలో ఊడి చటుక్కున పైకి ఎగురుతాయి. రెండో రకానికి చివరల్లో చీలిన తోలు నాలుకలు, వాటికి కాజాలు ఉంటాయి. ఇవి గుండీలకు తగులుకుంటాయి. కిల్టుకు తగినవి ఇవే. అయితే మామూలు కిల్టుకు గుండీలు ఉండవు, వాటిని ప్రత్యేకంగా కుట్టించుకోవాలి.

ఈ గుండీలు కుట్టడంలోనే నైపుణ్యమంతా ఉంది. మొత్తం 6 గుండీలు కావాలి: ముందు కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, వెనుక నడిమధ్యకు అటొకటి ఇటొకటి. ముందు గుండీలు నాలుగూ పై ఏప్రన్ మీదనే రావాలి. లోపలి ఏప్రన్ చుట్టుకున్నాక మరుగున పడుతుంది కాబట్టి దాని మీద కుట్టిన గుండీకి చెయ్యి అందదు. కుడివైపు జంటను ఏప్రన్ అంచుకు మరీ దగ్గరగా కుడితే, బ్రేసు పైకి లాగినప్పుడు ఆ అంచు లేచి, దాని కిందనున్న తోలు పట్టీ వంకరగా గుంజుకుంటుంది. అందువల్ల ఆ జంటను అంచు నుంచి మధ్యవైపుకు కాస్త జరపాలి. దారం టార్టన్ గుడ్డను మాత్రమే పట్టుకుంటే కొద్ది నెలలలోనే గుండీ బ్రేసు లాగుడుకు గుడ్డను చింపుకుని ఊడివస్తుంది గనుక, సూది కాన్వాసు దాకా దిగి పైకి రావాలి, గుండీ కింద దారాన్ని నాలుగైదు చుట్లు తిప్పి చిన్న కాడ కట్టాలి. ఆ కాడ ఎత్తు వల్లనే మందమైన తోలు నాలుక గుండీ కింద సులువుగా కూర్చుంటుంది. వెనుక గుండీలను కుచ్చిళ్ల మీద కాక, వాటికి పైన ఉన్న నడుము పట్టీ మీద కుట్టాలి. లేకపోతే కుచ్చిళ్ల వరుస చెదురుతుంది. గుండీలు పట్టీకి బయటివైపున ఉండడం మంచిది, లోపల ఉంటే ఒంటికి గుచ్చుకుంటాయి, బయట ఉన్నా వెయిస్ట్‌కోటు వాటిని కప్పేస్తుంది.

ధరించే క్రమం కూడా ప్యాంటు క్రమానికి భిన్నమైనది. ముందుగా బ్రేసుల వెనుక కొసలను కిల్టుకు తగిలించి, తరువాత కిల్టును వెనుకనుంచి చుట్టుకుని, ఎడమ పట్టీని చీలికలోంచి లాగి బిగించి, కుడివైపు పట్టీలు బిగించి, అప్పుడే బ్రేసులను భుజాల మీదుగా ముందుకు తెచ్చి గుండీలకు తగిలించాలి. బ్రేసుల పొడవును అద్దం ముందు నిలబడి సరిచేసుకోవడం అవసరం, ఎందుకంటే ప్యాంటుకు అలవాటైన బిగువుతో లాగితే కిల్టు అవసరమైన దానికన్నా పైకి లేచి మోకాళ్లు పూర్తిగా బయటపడతాయి. బ్రేసుల పని కిల్టును పైకి ఎత్తడం వరకు పోకూడదు, ఉన్నచోట నిలిపితే చాలు. ఆ కొలత కుదిరిన తరువాత బకిళ్లను ఒక రంధ్రం వదులు చేసుకోవచ్చు. జనవరి 25న రాబర్ట్ బర్న్స్ కవి జయంతికి జరిగే విందులో హాగిస్ అనే మాంసపు వంటకం పుష్కలంగా ఆరగించి, ఆపైన కేలీ అనే సామూహిక నృత్యంలో జంటలు మార్చుకుంటూ గిరగిర తిరగవలసిన అతిథికి ఆ ఒక్క రంధ్రం ఎంత ఊరటనిస్తుందో ధరించినవారు ఎరుగుదురు.

బ్రేసులకు చోటులేని సందర్భాలూ ఉన్నాయి. హైలాండ్ క్రీడలలో పెద్ద దూలాన్ని నిటారుగా ఎత్తి గాలిలో పల్టీ కొట్టించే కేబర్ పోటీలో గాని, బరువైన గుండ్లు విసిరే పోటీల్లో గాని భుజాలు స్వేచ్ఛగా కదలాలి గనుక, అక్కడి మల్లులు నడుము దగ్గర వెడల్పాటి బెల్టును బిగించుకోవడమే సరైనది. వెయిస్ట్‌కోటు లేకుండా తెల్లచొక్కా మీద బ్రేసులు కనబడేలా ఉత్సవపు కిల్టును ధరించడం కూడా శోభించదు. స్పోరన్ అనే తోలు సంచీ, దాని గొలుసు, బకిళ్లు, ఏప్రన్ మీది పిన్ను ఇప్పటికే చూపును ఆకర్షిస్తున్న చోట మరో రెండు నిలువు పట్టీలు చేరితే గళ్ల నేత అందం చెదిరిపోతుంది. పనిముట్లు మోయడానికి వీలుగా జేబులు పెట్టి, దళసరి నూలుగుడ్డతో కుట్టే ఆధునిక పని కిల్టుల విషయం వేరు. అమెరికాలోని సియాటిల్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఈ రకంలో జేబుల బరువును భుజాలు మోయడం సముచితం, బ్రేసులు బాహాటంగా కనబడినా ఆ దుస్తుల స్వభావానికి అది తగినదే.

కొలత తప్పిన కిల్టును బ్రేసులు బాగుచేయలేవు. కుచ్చిళ్లు నడుము దగ్గర సన్నబడని నాసిరకం కిల్టును బ్రేసులతో వేలాడదీస్తే అది వెనుక బుట్టలా ఉబ్బుతుంది. అందువల్ల కొత్తగా కుట్టించుకునేవారు కుట్టేవారికి ముందే ఈ ఉద్దేశం చెప్పడం మంచిది. అప్పుడు వారు నడుము పట్టీని కాస్త ఎత్తుగా ఉంచి, లోపలి కాన్వాసును పై అంచు దాకా పరుస్తారు. తాతదో తండ్రిదో చేతికి వచ్చిన కిల్టు విషయంలో ఈ పద్ధతి విలువ మరింత పెరుగుతుంది. చేత్తో కుట్టిన అలాంటి కిల్టును కొత్త ఒంటికి సరిపెట్టడానికి కుచ్చిళ్లు విప్పడం మొదలుపెడితే పాత కుట్టు మళ్లీ యథాతథంగా రాదు, బకిళ్లు జరిపితే పాత చోట వాటి గుర్తులు గుడ్డ మీద మిగులుతాయి. కొంత వదులుగా ఉన్న ఆ కిల్టును 6 గుండీల సాయంతో అలాగే ధరించవచ్చు. తరువాతి వారసునికి అవి అక్కరలేకపోతే దారం తెంపి తీసేసి, గుడ్డను తడిబట్ట వేసి ఇస్త్రీ చేస్తే సూదిబెజ్జాలు కూడుకుపోతాయి.